బొమ్మ వీణలు చాలు, ఒక్క సాయంత్రం ఇవ్వండి

తెలుగు ఊళ్ళలోని సంగీత సభల కార్యవర్గాలకు ఒక వీణ టీచరు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం.

మా ఇంట్లో ఒక గాజు బీరువా ఉంది. అందులో 14 బొమ్మ వీణలున్నాయి. కొన్ని జానెడు, కొన్ని మూరెడు. ఒక్కోదాని పీట మీద ఇత్తడి రేకు, ఆ రేకు మీద ఏదో ఒక సంగీత సభ పేరు, ఏడాది. 30 ఏళ్ళ పైబడి నేనూ నా శిష్యులూ కచేరీలు చేసి సంపాదించిన ఆస్తి అది. ఆ సన్న తీగల మధ్య గుడ్డ దూరదు కాబట్టి నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులుపుతుంటాను.

మొన్న పదిహేనోది వచ్చింది. దాన్ని ఇంకా అట్టపెట్టెలోంచి తీయలేదు.

అది నా శిష్యురాలికి ఇచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. తెల్లవారుజామున 4:30కి లేచి, పక్క ఫ్లాటు వాళ్ళకి ఇబ్బంది కాకూడదని కిటికీలు కూడా మూసుకుని సాధన చేస్తుంది. నిజానికి వీణ మోత పక్క గదిలోకే సరిగ్గా వెళ్ళదు. అయినా ఆ పిల్ల భయం ఆ పిల్లది. ఒక సభవాళ్ళు పిలిచారు. ఏ ఊరో చెప్పను. చెబితే అది వాళ్ళ ఒక్కళ్ళ తప్పయిపోతుంది. రెండు రోజులు సెలవు పెట్టి, వీణని రైల్లో బెర్తు మీద పడుకోబెట్టి, తను దాని కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుని వచ్చింది.

కరపత్రంలో 5:15 నుంచి 6:15 అని వేశారు. మైకుల అబ్బాయి వచ్చేసరికి 5:30. ముందురోజు అదే హాల్లో రిసెప్షన్‌కి, బ్యాండు కోసం పెట్టిన మైకులే మళ్ళీ తెచ్చాడు. మృదంగానికి రెండు, వీణకి ఒకటి. వర్ణం అయింది, ఒక చిన్న కీర్తన అయింది. శుభపంతువరాళి రాగం ఆలాపన ఎత్తుకుని మంద్రంలోంచి, అంటే కింది స్థాయిలోంచి, నెమ్మదిగా పైకి వస్తోంది. 5:58కి ముఖ్య అతిథి గారి కారు వచ్చింది. ముందు రెండు వరుసలూ లేచాయి. వేదిక పక్కనుంచి ఒక చీటీ అందింది. దాని మీద ఒకటే మాట: "మంగళం".

ఆలాపన మధ్యలో వదిలేసి మంగళం వాయించింది. తర్వాత జ్యోతి ప్రజ్వలన, 50 నిమిషాల ప్రసంగాలు. ఒకాయన "వీణ తెలుగువాడి సొత్తు" అని చాలా చక్కగా మాట్లాడారు. తర్వాత శాలువా, బొమ్మ వీణ, ఫొటో. ఫొటోలో ఆ పిల్ల రెండు చేతుల్లో బొమ్మ వీణ ఉంది. అసలు వీణ వేదిక వెనక, పేర్చి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీల పక్కన, గోడకి ఆనించి ఉంది.

బొమ్మ వీణ ఇవ్వడం తప్పంటానని అనుకోకండి. అది మానేయమని చచ్చినా అనను. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లికి నేను చాలాసార్లు వెళ్ళాను. అక్కడ సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ళు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒక్క పనస దుంగని తొలిచి, అతుకు లేకుండా కుండా (గుండ్రటి బోలు భాగం), దండీ (పొడుగాటి మెడ) కలిపి తీస్తారు. అందుకే దాన్ని ఏకాండ వీణ అంటారు. సంస్థానం రోజుల్లో పుట్టిన ఆ పనికి మన కాలంలో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ నేను వెళ్ళిన ప్రతిసారీ పనిపాకల్లో పెద్ద వీణలు తక్కువ, బొమ్మ వీణలు ఎక్కువ కనబడుతున్నాయి. మీరూ, ప్రభుత్వ ఆఫీసులూ, పెళ్ళిళ్ళవాళ్ళూ కొనే ఆ బొమ్మలే అక్కడ పొయ్యి వెలిగిస్తున్నాయి. కాబట్టి కొనండి, ఇంకో పది ఎక్కువ కొనండి.

నా దిగులు వేరే. బొమ్మకి నాదం అక్కర్లేదు. దుంగని వేలితో తట్టి విని ఎంచుకోవడం, కుండ గోడ ఎంత మందం ఉంచాలో ఉలికి తెలియడం, శ్రుతి కుదిరేదాకా మెట్టుని, అంటే తీగ కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీని, నూలు వాసి అటూ ఇటూ జరపడం, ఇవేవీ బొమ్మకి పనికిరావు. చెక్కడం వస్తే చాలు. ఇరవై ఏళ్ళు బొమ్మలే చేసిన చెయ్యికి ఆ తర్వాత ఎవరైనా వచ్చి "కచేరీ వీణ చేసిపెట్టు" అంటే ఏమవుతుంది? ఆ అడిగేవాళ్ళు ఉండాలంటే వీణ వాయించేవాళ్ళు ఉండాలి. వాయించేవాళ్ళు ఉండాలంటే వాళ్ళని కూర్చోబెట్టే వేదిక ఉండాలి. అది మీ చేతిలో ఉంది. నా ఉత్తరం గొల్లపల్లికి కాకుండా మీకు రాయడానికి కారణం ఇదే.

"వీణకి జనం రారమ్మా" అంటారు మీరు. ఈ మాట నాతో ఎంతమంది కార్యదర్శులు అన్నారో లెక్కపెట్టడం మానేశాను. వైణికుడు చిట్టిబాబు గారిని విన్న తరం ఇంకా మన మధ్యే ఉంది, వాళ్ళని అడగండి. 1936లో కాకినాడలో పుట్టి, ఈమని శంకరశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న మనిషి. ఆయన "కొమ్మలో కోయిల" వాయిస్తుంటే రాగం పేరు తెలియనివాళ్ళు కూడా నవ్వుకుంటూ వినేవాళ్ళు. పండితులు కొందరు ముఖం చిట్లించారు, అది వేరే సంగతి. నాకూ ఆ కోయిల కంటే ఆయన తానమే, అంటే తాళం లేకుండా లయగా సాగే రాగ విస్తారమే, ఇష్టం. కానీ కోయిల కోసం వచ్చినవాళ్ళు తానం దాకా కూర్చునేవాళ్ళు కదా. ఇక పాలకొల్లు నుంచి వెళ్ళిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీలకి హాళ్ళు కిటకిటలాడాయి. అంతకు ముందు మాండలిన్ అనేది మన కచేరీల్లో ఎవరికి తెలుసు? ఆయనది కరెంటు మాండలిన్, హాలు నిండా మోగుతుంది, వీణతో పోలిక కుదరదు అంటారేమో. ఒప్పుకుంటాను. సగం చిక్కు అక్కడే ఉంది కాబట్టి దాని సంగతే చెబుతాను.

వీణలో మీటు ముఖ్యం కాదు, మీటిన తర్వాత ఉండేది ముఖ్యం. ఒకసారి మీటి, ఆ నాదం ఇంకా బతికి ఉండగానే అదే మెట్టు మీద తీగని లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తాం. గమకమంతా ఆ సన్నగిల్లే నాదంలోనే ఉంటుంది. దాని పక్కన మృదంగం గట్టిగా మోగినా, పైనుంచి ఏసీ గుయ్యిమన్నా, వెనక వరుసలో ఫోను మోగినా పోయేది ఆ భాగమే. మీటులు మాత్రం మిగులుతాయి. గమకం వినబడని వీణ టైపు మిషన్ చప్పుడులా ఉంటుంది. అది విన్నవాడు "వీణ బోరు" అనుకుని వెళ్ళిపోతే ఆ మనిషిని తప్పు పట్టలేం. వాడు వీణ విననే లేదు.

గట్టిగా వినిపించడానికి కుండకి పికప్, అంటే కంపనాన్ని పట్టుకునే చిన్న పరికరం, అంటించి పెంచితే ఇంకో తంటా. నాదం లావెక్కి గిటారు అయిపోతుంది. మంచి పికప్‌లు లేవని కాదు. వాటిని సరిచూసుకోవడానికి అరగంట కావాలి. మీరు ఆ అరగంట ఇవ్వరు. గాయకుడికైతే వేదిక ఎక్కి "చెక్, చెక్" అంటే సరిపోతుందేమో. మాకు నాలుగు తీగలు, మూడు తాళపు తీగలు, పక్కన మృదంగం, ఘటం. వాటన్నిటినీ కలిపి వినాలి.

ఇక్కడ మద్రాసులోని వీణ ధనమ్మాళ్ గారి సంగతి చెప్పాలి. 1867 నుంచి 1938 దాకా బతికిన మనిషి. శుక్రవారం సాయంత్రాలు ఆమె ఇంట్లో వీణ వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి కూర్చునేవారు. మైకు లేదు, వేదిక లేదు. చిన్న చప్పుడు కూడా ఆమె సహించేది కాదంటారు. ఆ గదిలో వినబడిన వాటిలో మన క్షేత్రయ్య పదాలు ఎన్నో. మువ్వగోపాలుడు కృష్ణా తీరం నుంచి వెళ్ళి జార్జిటౌన్‌లోని ఒక గదిలో అంత పదిలంగా బతికాడు. మనకీ అలాంటి గదులు లేకపోలేదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ని శాంతినికేతన్‌కి పిలిపించుకున్నారు. ఆ ఠాగూర్ విన్నది వెయ్యి మంది పట్టే కల్యాణమండపంలో కాదు.

కాబట్టి నేను మిమ్మల్ని పెద్ద హాలు అడగడం లేదు. చిన్నదే అడుగుతున్నాను. మీ ఊళ్ళో ఏదో ఒక స్కూలు హాలో, గుడి మండపమో, వందమంది పట్టే గ్రంథాలయమో ఉంటుంది. మీ పది రోజుల ఉత్సవాల్లో ఒక్క సాయంత్రం అక్కడ పెట్టండి. కింద చాపలు వేసి, వీణ చుట్టూ దగ్గరగా జనాన్ని కూర్చోబెట్టండి. ఫ్యాన్లు చాలు, ఏసీ వద్దు. ఆ చల్లగాలి నేరుగా తగిలితే తీగ శ్రుతి మారిపోతుంది. పూర్తిగా రెండు గంటలు ఇవ్వండి. అందులో రాగం, తానం ఉండాలి. వీణ మీద తానం వినకపోతే తానం ఎందుకు పుట్టిందో అర్థం కాదు. గొంతులో "ఆనంతం తానంతం" అని పాడేది వీణ మీది మీటుల నడకనే. ఇక ముఖ్య అతిథి గారు వస్తే చాలా సంతోషం. వచ్చి చాప మీద కూర్చోమనండి. ప్రసంగం మర్నాడు పెట్టుకోండి.

అన్నీ మీమీద తోసేసి నేను తప్పించుకోకూడదు. మా వైణికుల తప్పులూ ఉన్నాయి. వేదిక మీద పది నిమిషాలు శ్రుతి చేసుకుంటూ జనం ఓపిక పరీక్షిస్తాం. కొందరం ప్రతి కచేరీలోనూ చప్పట్ల కోసం అదే "రఘువంశ సుధ" కీర్తన గుర్రపు పరుగులో వాయిస్తాం. నేనూ వాయించాను, ఆ రోజుల్లో వేళ్ళు పరిగెత్తేవి. ఇంకో తప్పు కూడా ఉంది. గొంతు ఉన్నవాడు సాహిత్యం పాడతాడు, మేం ఆ పాట ఏమిటో చెప్పకుండా వాయించుకుంటూ పోతాం. ఎదురుగా కూర్చున్నది తెలుగువాళ్ళు. త్యాగరాజస్వామి "మోక్షము గలదా"లో వీణావాదన లోలుడైన శివుడి మాట ఎత్తాడని ఒక్క ముక్క ముందుగా చెప్పి సారమతి రాగం మొదలుపెడితే, ఆ చరణం వచ్చేటప్పటికి వినేవాళ్ళ పెదవులు కదులుతాయి. ఇది నేను చాలాసార్లు కళ్ళారా చూశాను. మా గురువుగారు ఎప్పుడూ అలా చెప్పేవారు. ఆయన చదివింది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. హరికథ చెప్పి వేలమందిని కట్టిపడేసిన దాసుగారి గాలి వీణ క్లాసుల్లోకి కూడా కొంచెం వీచి ఉంటుందని నా ఊహ.

మళ్ళీ జనం మాటకే వస్తాను. మీ సభలో ముందు నాలుగు వరుసల్లో కూర్చునే ఆడవాళ్ళని ఒకసారి అడిగి చూడండి, "మీ ఇంట్లో వీణ ఉందా" అని. నేను అడిగాను. ఒక చిన్న ఊళ్ళో, ఒక్క సాయంత్రం, నా చుట్టూ కూర్చున్నవాళ్ళలోనే ఆరుగురు ఉందన్నారు. ఆరూ అటకల మీదే ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి వీణ వచ్చు" అని చెప్పుకునే రోజుల్లో కొన్నవి. పెళ్ళయింది, వీణ కూడా అత్తారింటికి వచ్చింది, పిల్లలు పుట్టారు, తీగ తెగింది, ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు, ఒక మెట్టు జారింది, ఎవరు బాగుచేస్తారో తెలియలేదు. పాత దుప్పటి చుట్టి పైన పడేశారు. "ఎప్పుడైనా దించాలండీ" అంది ఒకావిడ. 61 ఏళ్ళావిడ. ఎడమచేతి చూపుడువేలు చివర ఇప్పటికీ కొంచెం గట్టిగానే ఉందని చూపించింది. కాయ పోయి ఎన్నేళ్ళయిందో, అయినా ఆవిడకి అలాగే అనిపిస్తోంది.

వీణ అంటే ఇష్టం లేక వాళ్ళు అటకెక్కించలేదు. మేళం కట్టేవాళ్ళు లేక ఎక్కించారు.

మేళం కట్టడం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వీణ దండి మీద 24 మెట్లుంటాయి. వాటిని మేకులతో బిగించరు. మైనం, గుగ్గిలం కలిపిన నల్లటి ముద్ద మీద ఒక్కో మెట్టునీ పెట్టి, తీగ మీటి, చెవితో విని, కొంచెం జరిపి, మళ్ళీ విని నిలబెడతారు. ఒక మెట్టు తప్పితే ఆ స్వరం ఎన్ని జన్మలు సాధన చేసినా అపస్వరమే. ఏ రాగానికైనా మెట్లు జరపకుండా ఒకే వీణ మీద వాయించుకునేలా 24 మెట్లూ స్థిరంగా పెట్టించిన ఘనత 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడికి ఇస్తారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. ఆ మైనం మాత్రం రాజుల మాట కూడా వినదు. ఎండలో కారు డిక్కీలో రెండు గంటలు పెడితే చాలు, మెట్లు ఒరిగిపోతాయి. వాడకపోయినా ఏళ్ళ తరబడి ఎండిపోయి పెళుసెక్కుతుంది. అప్పుడు పాత మైనం గీకేసి మొత్తం కొత్తగా కట్టాలి. ఆ పని తెలిసినవాళ్ళు బొబ్బిలి వైపు ఉన్నారు, నూజివీడులో ఉన్నారు, తంజావూరులో ఉన్నారు. మీ ఊళ్ళో లేరు. వీణ మోసుకుని అక్కడికి వెళ్ళాలంటే రానుపోను ఖర్చు, రైల్లో ఆ టెన్షన్, మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం. ఒక గృహిణి దానికోసం ఇంట్లో ఎన్నిసార్లు నోరు తెరిచి అడగగలదు?

మీరు అడగకపోయినా ఒక సలహా ఇస్తాను. మీ ఉత్సవాలు జరిగే రోజుల్లో మేళం కట్టే మనిషిని ఒకరిని మీ ఊరికి పిలిపించండి. రానుపోను చార్జీలు, బస, భోజనం మీరు పెట్టుకోండి. హాలు వరండాలో ఒక మూల చాప, ఒక దీపం, మైనం కరిగించుకోవడానికి చిన్న పొయ్యి చాలు. కూలి ఎవరి వీణకి వాళ్ళు ఇచ్చుకుంటారు. కరపత్రంలో గాయకుల ఫొటోల కింద ఒక్క లైను వేయండి: "మీ ఇంట్లో పాత వీణ ఉంటే తీసుకురండి, బాగుచేయించి ఇస్తాం." ఆయనతో పాటు ఒక పెట్టెడు తీగలు కూడా తెప్పించి అమ్మకానికి పెట్టండి. సారణి తీగ, అంటే ఎక్కువగా వాయించే మొదటి తీగ, తెగిందని ఆర్నెల్లు వీణ మూల పెట్టిన ఇళ్ళు నాకు తెలుసు.

మొదటి రోజు ఇద్దరో ముగ్గురో వస్తారు. మూడో రోజుకి ఆటోల్లో, స్కూటర్ల మీద, దుప్పట్లు చుట్టిన వీణలు మీ గేటు ముందు దిగుతాయి. తెచ్చినవాళ్ళు అక్కడే కూర్చుంటారు, ఎందుకంటే వీణని పరాయివాళ్ళ చేతిలో వదిలి ఎవరూ వెళ్ళరు. ఒక వీణకి మేళం కట్టడం పూట పని కాదు. కాబట్టి సాయంత్రం కచేరీకి కూడా ఉంటారు. ఆ రోజు కచేరీ వీణదైతే మరీ మంచిది. జనం రారన్న మీ బెంగకి ఇంతకంటే మందు నాకు తెలియదు.

ఖర్చు ఎక్కడిదని అడుగుతారు. దండల బడ్జెట్ లోంచి తీయండి. వేదిక మీదున్న ప్రతివారికీ కిలో పూలదండ వేసి, రెండు నిమిషాల్లో తీసి కుర్చీ కింద పెట్టించే పద్ధతి ఎవరు కనిపెట్టారో కానీ, ఆ డబ్బుతో గొల్లపల్లి నుంచి ఒక మనిషి వచ్చి హాయిగా నాలుగు రోజులు ఉండి వెళ్ళగలడు. బొమ్మ వీణల డబ్బు ముట్టుకోవద్దు. ఆ వచ్చే మనిషినే నాలుగు బొమ్మ వీణలు కూడా పట్టుకు రమ్మనండి, బేరమాడకుండా కొనండి. కానీ వైణికులకి మాత్రం వాటి బదులు ఒక సెట్టు మంచి తీగలు ఇవ్వండి. మాకు వీణలున్నాయి. కావాల్సినవి తీగలు.

నా శిష్యురాలు ఈ ఉత్తరం రాయొద్దంది. "ఇంకెవరూ పిలవరేమో టీచర్" అంది. ఆ భయం కూడా మీకు తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు మధ్యలో ఆపిన శుభపంతువరాళి మర్నాడు మా ఇంట్లో పూర్తి చేసింది. నేనూ, మా పనిమనిషీ, ఎదురింటి కుర్రాడూ విన్నాం. 40 నిమిషాలు. కుర్రాడు ఫోను చూడలేదు.

వచ్చే ఏడాది మీ ఉత్సవాల తేదీలు ఇంకా ఖరారు కాలేదనుకుంటాను. మేళం కట్టే ఆయన్ని పిలిచే ఆలోచన ఉంటే ఎండాకాలం మాత్రం పెట్టుకోకండి, మైనం ఆగదు. డిసెంబరు, జనవరి నయం. ముందుగా ఒక నెల గడువిచ్చి చెప్పండి. అటకల మీంచి దించడానికే కొందరికి వారం పడుతుంది.

ఇట్లు,
ఒక వీణ టీచరు